సౌత్ బ్లాక్‌లో ఎవరి సంతకం చెల్లుతుంది?

ప్రభుత్వ వేడుకల్లో ఎవరికి ఏ వరుసలో ఆసనం వేయాలో నిర్ణయించే ప్రాధాన్య క్రమ పట్టిక ఒకటి రాష్ట్రపతి పేరిట అమల్లో ఉంది. అందులో సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల అధిపతులది 12వ స్థానం, కేంద్ర ప్రభుత్వ కార్యదర్శులది 23వ స్థానం. ఆ పట్టికను బట్టి చూస్తే నాలుగు నక్షత్రాల జనరల్ ముందు రక్షణ శాఖ కార్యదర్శి బాగా కింది వరుస అధికారి. అయితే 1961 నాటి ప్రభుత్వ కార్యకలాపాల కేటాయింపు నియమావళిని తెరిస్తే కథ మారిపోతుంది. భారతదేశ రక్షణ, అందులోని ప్రతి భాగపు రక్షణ, యుద్ధానికి ముందు సన్నాహాలు, యుద్ధం ముగిశాక బలగాల తగ్గింపు, ఇవన్నీ రక్షణ విభాగం పనులని ఆ నియమావళి చెబుతుంది. దానికి తోడుగా ఉన్న కార్యనిర్వహణ నియమావళి ప్రతి విభాగానికీ కార్యదర్శే పరిపాలనాధిపతి అంటుంది. అంటే వేదిక మీద జనరల్ పెద్ద, రక్షణ మంత్రిత్వ శాఖ చిరునామాగా పేరుపడ్డ ఢిల్లీ సౌత్ బ్లాక్‌లో కాగితం మీద కార్యదర్శి పెద్ద.

మన సైన్యం ఎన్నికైన ప్రభుత్వం మాట వినాలా వద్దా అన్న విషయంలో ఈ దేశంలో ఎన్నడూ పెద్ద వివాదం లేదు. పొరుగు దేశాల్లో జనరళ్లు గద్దెనెక్కిన రోజుల్లోనూ ఇక్కడ ఆ ప్రమాదం తలెత్తలేదు. డెబ్బై ఏళ్లకు పైగా సాగుతున్న అసలు తగాదా వేరు. ప్రభుత్వం మాట సైన్యానికి ఏ బల్ల మీదుగా రావాలి, సైన్యం మాట మంత్రికి ఎవరి వ్యాఖ్య కింద చేరాలి, డబ్బు విడుదల చేసే కాగితం మీద చివరి సంతకం ఎవరిది అన్నదే ఆ తగాదా. కార్గిల్ తర్వాతి సంస్కరణలు, మూడు దళాల ఉమ్మడి వ్యవహారాలు చూసే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ (సీడీఎస్) పదవి, ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే కమాండర్ కిందికి తెచ్చేందుకు ఇప్పుడు చర్చలో ఉన్న థియేటర్ కమాండ్లు అన్నీ ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతున్నాయి.

రాజ్యాంగం ఈ విషయంలో క్లుప్తంగా మాట్లాడుతుంది. 53వ అధికరణం ప్రకారం రక్షణ దళాల సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిది, దాన్ని ఎలా వినియోగించాలో చట్టం నిర్దేశించాలి. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి కాబట్టి ఆచరణలో యుద్ధం, శాంతి వంటి నిర్ణయాలు ప్రధానమంత్రి అధ్యక్షతన ఉండే మంత్రివర్గ భద్రతా వ్యవహారాల కమిటీలో జరుగుతాయి. రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు అందులో సభ్యులు. దళాధిపతులు పిలిచినప్పుడు వెళ్లి సలహా చెప్పి వస్తారు, సభ్యులు కారు. ఇంతవరకు ఏ ప్రజాస్వామ్య దేశంలోనైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. చిక్కంతా ఈ కమిటీకి కిందనున్న అంతస్తులో మొదలవుతుంది.

ఆ చిక్కుకు మూలం స్వాతంత్ర్యానికి ముందే ఉంది. బ్రిటిష్ ఇండియాలో కమాండర్ ఇన్ చీఫ్ వైస్రాయ్ మండలిలో స్వయంగా సభ్యుడు. ఆయన ప్రతిపాదనలను పరిశీలించడానికి అదే మండలిలో మిలటరీ మెంబర్ అనే మరో అధికారి ఉండేవాడు. తనకంటే చిన్న హోదా సైనికాధికారి తన ఫైళ్ల మీద వ్యాఖ్యలు రాయడం అప్పటి కమాండర్ ఇన్ చీఫ్ కిచెనర్‌కు రుచించలేదు, ఆ పదవినే రద్దు చేయించాలని పట్టుబట్టాడు. సైన్యం మొత్తం ఒక్కరి చేతిలోకి పోతుందని కర్జన్ వాదించి, లండన్ కిచెనర్ వైపు మొగ్గడంతో 1905లో వైస్రాయ్ పదవికే రాజీనామా చేశాడు. స్వతంత్ర భారతం కర్జన్ పక్షం తీసుకుందనుకోవచ్చు. 1947లో మూడు దళాలకూ ముగ్గురు వేర్వేరు అధిపతులను పెట్టి, వారందరినీ రక్షణ మంత్రి కిందికి తెచ్చారు. మౌంట్‌బాటెన్ సిబ్బంది అధిపతి లార్డ్ ఇస్మే సూచించిన నమూనాలో పైన మంత్రివర్గ రక్షణ కమిటీ, దాని కింద రక్షణ మంత్రి కమిటీ, ఆ కింద ముగ్గురు దళాధిపతుల కమిటీ ఉండేవి. 1955లో ఒక చట్టం తెచ్చి కమాండర్ ఇన్ చీఫ్ అన్న హోదాను తొలగించి, చీఫ్ ఆఫ్ స్టాఫ్ అన్న హోదా ఇచ్చారు.

ఇస్మే నమూనాలో కమిటీలు సైనికులకూ మంత్రులకూ నేరుగా మాట్లాడుకునే చోటు కల్పించాయి. కాలక్రమంలో ఆ కమిటీలు సమావేశం కావడం తగ్గిపోయి, ఆ స్థానాన్ని ఫైలు ఆక్రమించింది. సైనిక ప్రధాన కార్యాలయాలకు ఇచ్చిన హోదా కూడా అందుకు తోడ్పడింది. అవి మంత్రిత్వ శాఖలో భాగం కావు, దానికి అనుబంధ కార్యాలయాలు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో సచివాలయం చుట్టూ తిరిగినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు: శాఖాధిపతి కార్యాలయంలో ముప్పై ఏళ్ల అనుభవమున్న చీఫ్ ఇంజనీరు తయారుచేసిన ప్రతిపాదనను సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్ మొదటి పేజీ నుంచి మళ్లీ చదివి, నాలుగు సందేహాలు రాసి వెనక్కి పంపడం ఎలా ఉంటుందో, సైన్యం ఫైలు రక్షణ మంత్రిత్వ శాఖకు వెళ్లడం అలాగే ఉండేది. పైగా ఆ సందేహాలు రాసే డైరెక్టరో, సంయుక్త కార్యదర్శో నిన్నటి వరకు ఎరువుల శాఖలోనో జౌళి శాఖలోనో పనిచేసి, కొన్నేళ్లకు మరో శాఖకు వెళ్లిపోయేవారై ఉండవచ్చు.

అయితే నెపమంతా ఐఏఎస్‌ల మీద నెట్టడం నాకు సమంజసంగా అనిపించదు. ఫైలు పంపే సైనిక స్టాఫ్ అధికారి కూడా రెండు మూడేళ్లకు మించి ఆ కుర్చీలో ఉండడు. పదోన్నతి కావాలంటే అతను మళ్లీ దళంలోకి వెళ్లి యూనిట్‌కు నాయకత్వం వహించాలి. అంతకంటే ముఖ్యం, మూడు దళాలు తమలో తాము ఏకాభిప్రాయానికి రాలేకపోయిన ప్రతిసారీ తీర్పరి స్థానం వాటంతటవే కార్యదర్శి చేతిలో పెట్టాయి. దళాధిపతుల కమిటీకి ముగ్గురిలో సీనియర్ అయినవారు వంతులవారీగా అధ్యక్షత వహించేవారు. తన దళం బాధ్యతతో పాటు ఈ బాధ్యత అదనం, మిగతా ఇద్దరి మీద అధికారం శూన్యం. 1981 నుంచి 1983 వరకు సైన్యాధిపతిగా పనిచేసిన మన తెలుగు జనరల్ కె.వి. కృష్ణారావు కూడా తన పదవీకాలంలో ఇలాగే ఆ కమిటీకి అధ్యక్షులయ్యారు. ముగ్గురూ ఒప్పుకుంటే కమిటీ నిర్ణయం, ఒకరు కాదంటే ఫైలు మంత్రిత్వ శాఖకు.

రాజకీయ నాయకత్వం తరచూ ఈ ఏర్పాటుకు పైన నిలబడి చూసింది, కొన్నిసార్లు లోపలికి దిగి దెబ్బతింది. 1959లో రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మేనన్‌తో పొసగక సైన్యాధిపతి తిమ్మయ్య రాజీనామా ఇవ్వడం, నెహ్రూ నచ్చజెప్పి ఉపసంహరింపజేయడం, ఆ తర్వాత పార్లమెంటులో పౌర ప్రభుత్వ ఆధిక్యాన్ని గట్టిగా చెప్పడం అందరికీ తెలిసినదే. మూడేళ్లకు చైనాతో యుద్ధంలో పరాజయం వచ్చింది, మేనన్ వెళ్లిపోయారు, వై.బి. చవాన్ వచ్చారు. అప్పటి నుంచి ఒక అలిఖిత ఒప్పందం స్థిరపడింది: యుద్ధం ఎలా చేయాలన్నది జనరళ్ల ఇష్టం, మంత్రులు అందులో వేలు పెట్టరు, శాంతికాలంలో ఏ ఆయుధం కొనాలి, ఎంత డబ్బివ్వాలి, ఎవరిని ఎక్కడ నియమించాలి అన్నది మంత్రిత్వ శాఖ ఇష్టం. 1971లో ఈ ఒప్పందం బాగా పనిచేసింది. కానీ యుద్ధాలు అరుదు, శాంతికాలం పొడవు. కాబట్టి తూకం క్రమంగా ఫైలు వైపే ఒరిగింది.

ఈ తూకాన్ని ధిక్కరిస్తే ఏమవుతుందో 1998 డిసెంబర్ 30న తేలింది. నౌకాదళ ఉపాధిపతిగా వైస్ అడ్మిరల్ హరీందర్ సింగ్‌ను నియమించాలని మంత్రివర్గ నియామకాల కమిటీ నిర్ణయించింది. నౌకాదళాధిపతి విష్ణు భగవత్ దాన్ని అమలు చేయడానికి నిరాకరించారు. ప్రభుత్వం ఆయనను పదవి నుంచి తొలగించింది. స్వతంత్ర భారతంలో ఒక దళాధిపతిని అలా ఇంటికి పంపడం అదే మొదలు. ఈ వ్యవహారంలో రక్షణ శాఖ కార్యదర్శి అజిత్ కుమార్‌ను కూడా ఆ శాఖ నుంచి మార్చారు. మంత్రిత్వ శాఖకూ నౌకాదళానికీ మధ్య కాగితాల మీద ఎంతోకాలంగా నడిచిన పోరు చివరికి ఇద్దరి కుర్చీలనూ కదిలించింది.

ఆ మరుసటి ఏడాది మేలో కార్గిల్. యుద్ధం ముగిశాక కె. సుబ్రహ్మణ్యం నేతృత్వంలోని సమీక్షా సంఘం నిఘా లోపాలతో ఆగక, ప్రధాన ప్రజాస్వామ్య దేశాల్లో సైనిక ప్రధాన కార్యాలయాలను ప్రభుత్వపు ఉన్నత నిర్ణయ వ్యవస్థకు వెలుపల ఉంచిన దేశం బహుశా మనదొక్కటేనని తేల్చింది. దాని మీద ఏర్పడిన మంత్రుల బృందం 2001లో సీడీఎస్ పదవిని సిఫార్సు చేసింది. ప్రభుత్వం మిగతా సిఫార్సుల్లో చాలావాటిని అంగీకరించి, దీన్ని మాత్రం రాజకీయ పార్టీలతో సంప్రదించాక చూద్దామని పక్కన పెట్టింది. ఫలితం కాస్త విచిత్రం: సీడీఎస్‌కు సహాయపడటానికి ఉద్దేశించిన సమగ్ర రక్షణ సిబ్బంది విభాగం 2001 అక్టోబర్‌లోనే పని ప్రారంభించింది, దానికి తలగా ఉండాల్సిన సీడీఎస్ రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. సైనిక ప్రధాన కార్యాలయాల పేరు రక్షణ మంత్రిత్వ శాఖ సమగ్ర ప్రధాన కార్యాలయాలుగా మారింది. బోర్డు మారింది, ఫైలు నడిచే దారి మారలేదు. 2012లో నరేశ్ చంద్ర కమిటీ కనీసం దళాధిపతుల కమిటీకి శాశ్వత అధ్యక్షుడినైనా పెట్టమని సూచించింది, అదీ కదలలేదు.

2020: సైనికుడే కార్యదర్శి

2019 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని మోదీ సీడీఎస్ పదవిని ప్రకటించారు. డిసెంబర్ 24న మంత్రివర్గం ఆమోదించింది. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకున్నారు. పత్రికలన్నీ పదవి గురించే రాశాయి. నా ఉద్దేశంలో అంతకంటే పెద్ద మార్పు, దాంతో పాటు నిశ్శబ్దంగా జరిగిన మరొకటి ఉంది: రక్షణ మంత్రిత్వ శాఖలో సైనిక వ్యవహారాల విభాగం అనే కొత్త విభాగం పుట్టింది, దానికి కార్యదర్శి సీడీఎస్.

ఆ మంత్రిత్వ శాఖలో ఇప్పుడు ఐదు విభాగాలున్నాయి. రక్షణ శాఖ కార్యదర్శి నడిపే రక్షణ విభాగం, సీడీఎస్ నడిపే సైనిక వ్యవహారాల విభాగం, ఆయుధ ఉత్పత్తి విభాగం, పరిశోధన విభాగం, మాజీ సైనికుల సంక్షేమ విభాగం. వీటిలో పరిశోధన విభాగం చరిత్రను గమనిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో అధినేతగా ఉండే శాస్త్రవేత్తే దశాబ్దాలుగా ఆ విభాగానికి కార్యదర్శి. అబ్దుల్ కలాం అలాగే పనిచేశారు, 2018 నుంచి 2022 వరకు నెల్లూరు జిల్లాకు చెందిన జి. సతీశ్ రెడ్డి అలాగే పనిచేశారు. తన సంస్థ ఫైలు మీద తానే ప్రభుత్వం తరఫున సంతకం చేసే అధికారం శాస్త్రవేత్తకు ఎప్పుడో దక్కింది. యుద్ధం చేసే సైనికుడికి అది 2020లో గాని దక్కలేదు.

కొత్త విభాగానికి సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, వాటి ప్రధాన కార్యాలయాలు, ప్రాదేశిక సైన్యం, పదోన్నతులు, నియామకాల విధానం, మూడు దళాల ఉమ్మడి ప్రణాళిక, శిక్షణ అప్పగించారు. ఇది ఆచరణలో ఎలా కనిపించిందో 2022 జూన్‌లో దేశమంతా చూసింది. సైనికులను నాలుగేళ్ల కాలానికి చేర్చుకునే అగ్నిపథ్ పథకాన్ని వ్యతిరేకిస్తూ ఆందోళనలు చెలరేగి, జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైళ్లు తగలబడి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు మరణించిన రెండు రోజులకు పథకాన్ని ఉపసంహరించే ప్రసక్తి లేదని విలేకరులకు చెప్పింది ఐఏఎస్ అధికారి కాదు. యూనిఫామ్‌లో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పురి, ఆ విభాగపు అదనపు కార్యదర్శి హోదాలో మాట్లాడారు. వెనకటి రోజుల్లో ఇలాంటి రాజకీయ వేడి ఉన్న విధానాన్ని సమర్థించే పని మంత్రికో కార్యదర్శికో ఉండేది. సైనికుడికి సచివాలయంలో కుర్చీ ఇస్తే ఆ కుర్చీతో పాటు వచ్చే రాజకీయ ఎండ కూడా అతనే కాయాలన్నది అప్పుడు అర్థమైంది. ఇది మంచిదా కాదా అన్న చర్చ జరగాల్సినంత జరగలేదు.

సీడీఎస్‌కు మూడు బాధ్యతలు. ఆయన దళాధిపతుల కమిటీకి శాశ్వత అధ్యక్షుడు, మూడు దళాల ఉమ్మడి విషయాల్లో రక్షణ మంత్రికి ప్రధాన సైనిక సలహాదారు, సైనిక వ్యవహారాల విభాగానికి కార్యదర్శి. ఆయనకు లేనిదేమిటో కూడా మంత్రివర్గ ప్రకటనలోనే స్పష్టంగా ఉంది: ముగ్గురు దళాధిపతులతో సహా ఎవరి మీదా ఆయనకు సైనిక ఆజ్ఞాధికారం ఉండదు, అప్పుడే ఆయన పక్షపాతం లేని సలహా ఇవ్వగలరు అన్నది ప్రభుత్వ వాదన. సైన్యాన్ని కదిలించే ఆజ్ఞ నేటికీ ఆయా దళాధిపతులదే.

మూడు బాధ్యతలు ఒక్కరిలో కలపడంలో ఒక అంతర్గత వైరుధ్యం ఉంది. కమిటీ అధ్యక్షుడిగా ఆయన ఒక ప్రతిపాదన చేస్తారు, కార్యదర్శిగా దాన్ని ప్రభుత్వం తరఫున ఆయనే పరిశీలిస్తారు, సలహాదారుగా దాని మంచిచెడ్డలు మంత్రికి ఆయనే చెబుతారు. వెనకటి పద్ధతిలో అడిగేవాడు ఒకడు, అడ్డుపడేవాడు ఒకడు. జాప్యం జరిగినా కనీసం రెండో చూపు ఉండేది. పైగా ఒకే మనిషి మీద ఇంత భారం పెట్టినప్పుడు ఆ మనిషి లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ రావత్ మరణించాక, 2022 సెప్టెంబర్ 30న జనరల్ అనిల్ చౌహాన్ వచ్చే వరకు, దాదాపు పది నెలల పాటు ఆ కుర్చీ ఖాళీ. ఆ మధ్యలో, 2022 జూన్‌లో, పదవీ విరమణ చేసిన త్రీస్టార్ (లెఫ్టినెంట్ జనరల్ స్థాయి) అధికారులను కూడా 62 ఏళ్ల లోపు ఉంటే ఎంపిక చేసేలా నిబంధనలు సవరించారు. చౌహాన్ అలా వచ్చినవారే.

డబ్బు దగ్గర ఆగే ఫైలు

కొత్త విభాగానికి ఇవ్వనివి ఏమిటో చూస్తే అసలు బలం ఎక్కడుందో తెలుస్తుంది. పెద్ద ఆయుధాల కొనుగోలు, అంటే మూలధన కొనుగోళ్లు, ఇంకా రక్షణ శాఖ కార్యదర్శి విభాగంలోనే ఉన్నాయి. రక్షణ బడ్జెట్, కంటోన్మెంట్లు, రక్షణ భూములు, తీరరక్షక దళం, సరిహద్దు రహదారుల సంస్థ కూడా అక్కడే. 2025-26 బడ్జెట్‌లో రక్షణ మంత్రిత్వ శాఖకు కేటాయించిన మొత్తం సుమారు 6.81 లక్షల కోట్ల రూపాయలు. అందులో పింఛన్లకే దాదాపు 1.61 లక్షల కోట్లు పోతాయి. కొత్త ఆయుధాలు, విమానాలు, నౌకలు, నిర్మాణాలకు మూలధనం కింద 1.80 లక్షల కోట్లు. సైన్యం రేపు ఎలా ఉండాలో నిర్ణయించేది ఆ 1.80 లక్షల కోట్లే.

ఒక ఫిరంగి సైన్యం చేతికి రావాలంటే జరిగే తతంగం ఇది. దళం తనకేం కావాలో సాంకేతిక ప్రమాణాలు రాస్తుంది. రక్షణ మంత్రి అధ్యక్షతన 2001లో ఏర్పడిన రక్షణ కొనుగోళ్ల మండలి అది అవసరమేనని ఆమోదిస్తుంది. పత్రికల్లో ఇన్ని వేల కోట్ల ఆయుధాలకు పచ్చజెండా అని వచ్చే వార్త ఈ దశకు సంబంధించినది, ఆ రోజుకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు, ఖర్చవుతుందన్న పూచీ కూడా లేదు. ఆ తర్వాత కంపెనీల నుంచి టెండర్లు, సాంకేతిక పరిశీలన, ఎడారి ఎండలోనూ లడఖ్ చలిలోనూ ట్రయల్స్, ధర బేరం, రక్షణ ఆర్థిక విభాగం సమ్మతి, మొత్తం పెద్దదైతే భద్రతా వ్యవహారాల కమిటీ ఆమోదం, అప్పుడు ఒప్పందం. వేసవి ట్రయల్ తప్పితే మరుసటి వేసవి దాకా ఆగాలి. ఈలోగా కంపెనీ ధర మారుతుంది, కొన్నిసార్లు కంపెనీయే బ్లాక్‌లిస్టులోకి పోతుంది.

1986లో బోఫోర్స్ ఫిరంగుల ఒప్పందం జరిగింది. దాని చుట్టూ ముడుపుల ఆరోపణలు ప్రభుత్వాన్నే కుదిపేశాయి. ఆ తర్వాత విదేశాల నుంచి కొత్త హోవిట్జర్లు కొనేందుకు ఒప్పందం మీద సంతకం పడింది 2016 నవంబర్‌లో, అమెరికా ప్రభుత్వంతో 145 ఎం777 ఫిరంగుల కోసం. మధ్యలో ముప్పై ఏళ్లు. వైమానిక దళానికి 126 యుద్ధ విమానాల కోసం 2007లో టెండర్లు పిలిచి, 2012లో రఫేల్‌ను ఎంచి, ఒప్పందం కుదరక, చివరికి 2016లో 36 విమానాలతో ముగించారు. దీన్ని ఉత్త సోమరితనం అనడం పొరపాటు. సంతకం పెట్టిన అధికారిని పదవీ విరమణ తర్వాత కూడా దర్యాప్తు సంస్థలు పిలవగలవు. పెట్టని అధికారిని ఎవరూ ఏమీ అనరు. ఆయుధం రాక సరిహద్దులో జరిగే నష్టానికి జవాబు చెప్పాల్సిన దళాధిపతి చేతిలో సంతకం లేదు, సంతకం ఉన్నవారికి ఆ నష్టానికి జవాబు చెప్పే బాధ్యత లేదు. ఆర్థిక సంవత్సరం చివర మార్చి 31 దాటితే మిగిలిన సొమ్ము వెనక్కి పోవడం మరో తలనొప్పి. దానికి విరుగుడుగా మురిగిపోని నిధి ఒకటి పెట్టమని 15వ ఆర్థిక సంఘం సూచించింది, కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

ఉత్పత్తి విభాగంలో మాత్రం నిర్ణయం చకచకా జరిగింది. 41 ఆయుధ కర్మాగారాలను నడిపిన బోర్డును రద్దుచేసి 2021 అక్టోబర్ 1న ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టారు. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో సైన్యానికి పదాతిదళ పోరాట వాహనాలు తయారుచేసే మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ అలా ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగమైంది. ఉద్యోగులు సమ్మెకు సిద్ధమైతే, సమ్మెలను నిషేధిస్తూ ఆ ఏడాదే ప్రత్యేక చట్టం తెచ్చారు. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్, మిధాని, విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కూడా ఈ విభాగం కిందివే.

సైనిక, పౌర అధికారాల పెనవేత ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలంటే తెలుగువారు ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు చాలు. బోర్డు అధ్యక్షుడు సైనికాధికారి, సాధారణంగా బ్రిగేడియర్. ముఖ్య కార్యనిర్వహణాధికారి ఇండియన్ డిఫెన్స్ ఎస్టేట్స్ సర్వీసుకు చెందిన పౌర అధికారి. ఆయన పైవరుస రక్షణ భూముల డైరెక్టరేట్, దాని పైవరుస రక్షణ విభాగం. బ్రిగేడియర్ పైవరుస సైన్యం. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి ఆజ్ఞలు రెండు వేర్వేరు మార్గాల్లో ఢిల్లీ నుంచి వస్తాయి. భద్రత పేరిట స్థానిక సైనిక అధికారులు ఒక రోడ్డుకు గేటు వేస్తే కాలనీవాసులు బోర్డుకు విన్నవించుకునేవారు. బోర్డు అనుమతి లేకుండా రోడ్డు మూయడం చెల్లదన్నది ఒక వాదన, సైనిక భూమిలో రోడ్డు మా ఇష్టమన్నది మరో వాదన. 2018 మేలో అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ దేశవ్యాప్తంగా కంటోన్మెంట్ రోడ్లు తెరవమని ఆదేశించే దాకా ఈ గొడవ వీధి స్థాయిలో తేలలేదు. దేశంలో సుమారు 18 లక్షల ఎకరాల భూమి రక్షణ శాఖది. ఫ్లైఓవర్ కోసం ఆ భూమిలో కొంత కావాలన్నా రాష్ట్ర ప్రభుత్వం రాయాల్సింది సైన్యాధిపతికి కాదు.

సరిహద్దులో కాపలా కాసే బలగాలన్నీ రక్షణ మంత్రి కింద ఉంటాయనుకోవడం కూడా సరికాదు. పాకిస్తాన్ సరిహద్దు మీద బీఎస్ఎఫ్, చైనా సరిహద్దు మీద ఐటీబీపీ హోం శాఖవి. అస్సాం రైఫిల్స్ అయితే పరిపాలన హోం శాఖది, కదలికలు సైన్యానివి, అధికారులు సైన్యం నుంచి వస్తారు.

మూడు తూర్పు కమాండ్లు

విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కమాండ్ ఉందని తెలుగువారందరికీ తెలుసు. సైన్యానికి తూర్పు కమాండ్ కోల్‌కతాలో ఉంది, వైమానిక దళానికి తూర్పు కమాండ్ షిల్లాంగ్‌లో ఉంది. ముగ్గురు కమాండర్లకూ శత్రువు ఒకరే కావచ్చు, కానీ వారి పరిధుల హద్దులు ఒకదానితో ఒకటి కలవవు, ఒకరి ఆజ్ఞ మరొకరికి చెల్లదు, ముగ్గురూ కలిసి పనిచేయాలంటే ఢిల్లీలో ముగ్గురు అధిపతులు మాట్లాడుకోవాలి. దేశం మొత్తం మీద ఇలాంటి ఏకదళ కమాండ్లు 17: సైన్యానికి ఏడు, వైమానిక దళానికి ఏడు, నౌకాదళానికి మూడు. ఉమ్మడివి రెండే. 2001లో ఏర్పడిన అండమాన్ నికోబార్ కమాండ్, అణ్వస్త్రాల నిర్వహణకు 2003లో ఏర్పడిన వ్యూహాత్మక దళాల కమాండ్.

అండమాన్ అనుభవం ఉమ్మడి కమాండ్లు ఎక్కడ చిక్కుకుంటాయో చూపించింది. అక్కడి కమాండర్ నౌకాదళ అధికారి అనుకుంటే, ఆయన కింద పనిచేసే వైమానిక దళ ఉద్యోగి క్రమశిక్షణ తప్పినప్పుడు ఆయన శిక్షించలేకపోయేవాడు. సైనికుడికి 1950 నాటి ఆర్మీ చట్టం, వైమానిక దళంవాడికి అదే ఏడాది వచ్చిన వేరే చట్టం, నావికుడికి 1957 నాటి నేవీ చట్టం. కాబట్టి తప్పు చేసినవాడిని అతని సొంత దళానికి తిప్పిపంపాల్సి వచ్చేది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, 2024 మేలో అది అమల్లోకి వచ్చింది. ఉమ్మడి సంస్థల అధిపతులకు తమ కింద ఉన్న ఏ దళంవారి మీదైనా క్రమశిక్షణాధికారం అప్పుడు దక్కింది. 2025 జూన్‌లో మూడు దళాలకూ కలిపి ఉమ్మడి ఉత్తర్వులు జారీ చేసే అధికారం రక్షణ మంత్రి సీడీఎస్‌కు ఇచ్చారు. అంతవరకు ఒకే విషయం మీద మూడు దళాలూ మూడు వేర్వేరు ఉత్తర్వులు వెలువరించేవి. అలా జారీ అయిన మొట్టమొదటి ఉమ్మడి ఉత్తర్వు దేని గురించి అంటే, ఉమ్మడి ఉత్తర్వులను ఎలా ఆమోదించి, ఎలా వెలువరించి, వాటికి ఎలా నంబర్లు వేయాలో అన్న దాని గురించి. సౌత్ బ్లాక్ సంప్రదాయం ఆ ఒక్క కాగితంలో పూర్తిగా కనిపిస్తుంది.

ఈ 17 కమాండ్లనూ కలిపి, భౌగోళిక ప్రాంతాన్ని బట్టి మూడు దళాల బలగాలనూ ఒకే కమాండర్ కిందికి తెచ్చే థియేటర్ కమాండ్లు ఏర్పాటు చేయడం సీడీఎస్‌కు మొదట్లోనే అప్పగించిన పని. ఎక్కువ అభ్యంతరం వైమానిక దళం నుంచి వచ్చింది. విమానాలు పరిమితం, ఉదయం పశ్చిమాన ఉన్నది సాయంత్రానికి ఈశాన్యంలో ఉండగలదు, అలాంటిదాన్ని ప్రాంతాలకు పంచిపెడితే బలమే పోతుందన్నది వారి వాదన. 2021 జులైలో జనరల్ రావత్ వైమానిక దళాన్ని సైన్యంలోని ఫిరంగి దళంలాగే సహాయక విభాగమని అనడం, అప్పటి వైమానిక దళాధిపతి ఎయిర్ చీఫ్ మార్షల్ భదౌరియా బహిరంగంగానే కాదనడం ఆ విభేదం ఎంత లోతైనదో చెప్పాయి. 2025 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లోని మౌలో జరిగిన సదస్సులో ఎయిర్ చీఫ్ మార్షల్ ఎ.పి. సింగ్ కూడా తొందరపడవద్దనే అన్నారు, ముందు ఢిల్లీలో ఉమ్మడి ప్రణాళికా కేంద్రం పెడదామన్నారు. దీన్ని కొత్త వ్యవస్థ మీద పాతవారి అయిష్టంగా కొట్టిపారేయలేం, ఉన్న విమానాల సంఖ్య చూస్తే ఆ వాదనలో పస ఉంది.

థియేటర్లు వచ్చినా మిగిలే ప్రశ్న ఒకటుంది. థియేటర్ కమాండర్ ఎవరికి జవాబుదారీ? సీడీఎస్‌కు అంటే, ఏ ఆజ్ఞాధికారమూ ఉండదని 2019లో చెప్పిన పదవికి ఆ అధికారం ఇవ్వాలి, అప్పుడు ఆయన కార్యదర్శిగా కొనసాగడం ఇంకా కష్టమవుతుంది. రక్షణ మంత్రికి నేరుగా అంటే, ఏ సలహాదారు ద్వారా, ఎవరి ఫైలు మీదుగా అన్నది తేల్చాలి. దళాధిపతులకే అంటే థియేటర్ అన్న మాటకు అర్థం ఉండదు. ఇక 1950 నాటి ఆర్మీ చట్టం మూడో సెక్షన్ సైన్యాధిపతి అంటే రెగ్యులర్ సైన్యానికి ఆజ్ఞాధికారం వహించే అధికారి అని నిర్వచిస్తుంది. సీడీఎస్ పదవిని మంత్రివర్గ నిర్ణయంతో సృష్టించగలిగారు. ఆ నిర్వచనాన్ని మార్చాలంటే మాత్రం పార్లమెంటుకు వెళ్లాలి.